పల్లె చర్చి లెక్కల్లో ఫ్రెంచి శరణార్థుల చందా: ఆ 23 షిల్లింగుల వెనక కథ

మీరు అడిగినదాన్ని ముందు నా మాటల్లో చెప్తాను, కొత్తగా చదివేవాళ్ళకి సౌకర్యంగా ఉంటుంది. ఇంగ్లండ్‌లో ఒక చిన్న పల్లె చర్చి పాత లెక్కల పుస్తకం ఫోటోలు చూస్తుంటే 1686 కింద "ఫ్రెంచి ప్రొటెస్టంట్ల బ్రీఫ్ మీద వసూలు: 1 పౌండు 3 షిల్లింగులు 6 పెన్నీలు" అన్న పద్దు మీ కంట పడింది. (ప్రొటెస్టంట్లంటే రోమ్ పోప్ అధికారాన్ని ఒప్పుకోని క్రైస్తవులు, ఇంగ్లండ్ చర్చిదీ అదే బాట.) అదే పేజీలో మిగతా బ్రీఫ్‌ల మీద వచ్చింది చూస్తే ఒకచోట రెండు షిల్లింగులు, ఇంకోచోట పద్నాలుగు పెన్నీలు, అంతే. అసలీ బ్రీఫ్ ఏమిటి, పరాయి దేశంవాళ్ళకి ఆ పల్లె అంత ఎందుకిచ్చింది, ఆ డబ్బు వాళ్ళకి చేరిందా అన్నవి మీ సందేహాలు.

నేను చరిత్ర ప్రొఫెసర్‌ని కాను. ఉద్యోగరీత్యా ఇంగ్లండ్ వచ్చి స్థిరపడినవాణ్ణి. పదకొండేళ్ళుగా శనివారాలు ఒక రికార్డు ఆఫీసులో వాలంటీరుగా కూర్చుని ఇలాంటి చర్చి పుస్తకాలే చదివి టైప్ చేస్తున్నాను. ఆ అనుభవంతో చెప్పేది ఒకటే: చందా పద్దు కనబడగానే అంకె చూసి "ఎంత దయగల ఊరో" అనో "ఎంత పిసినారి ఊరో" అనో అనుకోకండి. ఎవరు అడిగారు, ఎలా అడిగారు అన్నది ముందు చూడండి. సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

బ్రీఫ్ అంటే రాజముద్ర వేసి విడుదల చేసే ఒక అనుమతి పత్రం. ఫలానా ఊరు కాలిపోయింది, ఫలానా చర్చి కూలిపోయింది, ఫలానా నావికులు అల్జీర్స్ సముద్రపు దొంగల చేతికి చిక్కారు, వాళ్ళకోసం దేశమంతా చందా పట్టుకోవచ్చు అని రాజు పేరుతో ఇచ్చేది. దాన్ని అచ్చువేసి ఊరూరి చర్చికీ పంపేవారు. ఆదివారం ఆరాధనలో విశ్వాస ప్రమాణం చెప్పుకున్నాక పాస్టరుగారు దాన్ని పైకి చదవాలి. 1662 నాటి ఇంగ్లండ్ చర్చి ప్రార్థన పుస్తకంలోనే ఆ చోటు రాసిపెట్టి ఉంది. చదివాక వార్డెన్లు, అంటే ఊళ్ళోంచి ఎన్నుకున్న చర్చి పెద్దలు, తలుపు దగ్గర పళ్ళెం పట్టుకుని నిలబడతారు. వచ్చిన మొత్తాన్ని ఆ కాగితం వెనకే రాసి, సంతకాలు పెట్టి, డబ్బుతో సహా పైకి పంపాలి. ఊరి పుస్తకంలో ఒక లైను మిగులుతుంది. మీరు చూసింది ఆ లైనే.

ఈ బ్రీఫ్‌లు ఎంత ఎక్కువైపోయాయంటే జనానికి విసుగెత్తింది. లండన్‌లో నౌకాదళం ఆఫీసులో పనిచేసిన శామ్యూల్ పీప్స్ 1661 జూన్ 30న తన డైరీలో, ఈ బ్రీఫ్‌ల బేరం ప్రతి ఆదివారం తప్పనిసరి తంతు అయిపోయింది, ఇకమీదట వీటికి ఇవ్వకూడదని నిర్ణయించుకున్నాం అని రాసుకున్నాడు. ఆయన డబ్బులేని మనిషేం కాదు. వారం వారం చేయి చాపితే ఎవరికైనా అలాగే ఉంటుంది కదా. మీ పేజీలో ఆ రెండు షిల్లింగులు, పద్నాలుగు పెన్నీలు ఆ విసుగు బాపతు. తలుపు దగ్గర పళ్ళెంలో ఒక పెన్నీ పడేసి వెళ్ళిపోవడం.

ఇప్పుడు మీ 23 షిల్లింగుల ఆరు పెన్నీలు. పౌండుకి 20 షిల్లింగులు, షిల్లింగుకి 12 పెన్నీలు, కాబట్టి మొత్తం 282 పెన్నీలు. అప్పట్లో పల్లెల్లో కూలికి రోజుకి దాదాపు ఒక షిల్లింగు, చాలాచోట్ల ఇంకా తక్కువే. అంటే ఒక కూలీ నెలరోజుల చాకిరీ. చిన్న ఊరికి ఇది చిన్న మొత్తం కాదు. ఇంత రావడానికి ముఖ్య కారణం, ఇలాంటి పెద్ద బ్రీఫ్‌లకి తలుపు దగ్గర పళ్ళెంతో సరిపెట్టుకోలేదు. పాస్టరు, వార్డెన్లు కలిసి ఇంటింటికీ తిరిగారు. చాలా ఊళ్ళలో ఎవరు ఎంతిచ్చారో పేరుపేరునా రాశారు కూడా. గుమ్మంలో పాస్టరుగారు, పక్కన పుస్తకం తెరిచి పట్టుకున్న వార్డెను, పైన పక్కింటాయన పేరు పక్కన ఆరు పెన్నీలని రాసి ఉంది. అప్పుడు మీరు ఒక పెన్నీ తీసి ఇవ్వగలరా? వినాయక చవితి చందాల పుస్తకం తెలిసిన మనకి ఇది వేరే ఎవరూ వివరించక్కర్లేదు.

ఆ పేర్ల జాబితా మీ పుస్తకంలో దొరికితే మాత్రం వదలకండి. ఫ్రెంచి చందా జాబితాలు కొన్ని రిజిస్టర్లలో వెనక ఖాళీ పేజీల్లో రాసి ఉంటాయి, ముందు పేజీల్లో వెతికితే కనబడవు. నేను టైప్ చేసినవాటిలో మొదట ఊరి భూస్వామి, తర్వాత పాస్టరు, రైతులు, చివర్లో వితంతువులు, పనివాళ్ళు. "వితంతువు ఫలానా, 2 పెన్నీలు", "ఫలానా వారి పనిమనిషి, 1 పెన్నీ". పన్ను కట్టే స్థోమత లేక మరే కాగితంలోనూ పేరెక్కని మనుషులు ఈ చందా పుస్తకంలో ఉంటారు. నాకైతే మొత్తం అంకె కంటే ఆ ఒక్క పెన్నీయే విలువైన సమాచారం.

ఇలా శరణార్థుల కోసం దేశం మొత్తాన్ని కదిలించిన పెద్ద చందా 1655 నాటిది. ఇటలీ ఉత్తరాన పీడ్‌మాంట్ కొండలోయల్లో వాల్డెన్సియన్లని ఒక చిన్న తెగ ప్రొటెస్టంట్లు ఉండేవారు. ఆ ప్రాంతం సవాయ్ డ్యూక్ ఏలుబడిలో ఉండేది. 1655 జనవరిలో, నడి చలికాలంలో, దిగువ ఊళ్ళలో ఉన్నవాళ్ళు కాథలిక్కులుగా మారాలి, లేకపోతే మూడు రోజుల్లో ఇళ్ళు వదిలి పైలోయలకి పోవాలని ఉత్తర్వు వచ్చింది. ఏప్రిల్‌లో సైన్యం దిగి ఊచకోత కోసింది. బతికినవాళ్ళు మంచుకొండల మీదుగా పారిపోయారు.

అప్పుడు ఇంగ్లండ్‌లో రాజు లేడు, ఆలివర్ క్రామ్‌వెల్ పాలన. ఆయన జూన్‌లో దేశమంతా ఉపవాస దినం ప్రకటించాడు, ఇంటింటి చందాకి ఆదేశమిచ్చాడు, తన సొంత డబ్బు 2,000 పౌండ్లు వేశాడు. అప్పటికే చూపు పోయిన కవి మిల్టన్ ప్రభుత్వంలో లాటిన్ లేఖలు రాసే ఉద్యోగంలో ఉన్నాడు. యూరప్ రాజులకి వెళ్ళిన నిరసన ఉత్తరాలు ఆయన రాసినవే. శామ్యూల్ మోర్లాండ్ అనే దూతని ట్యూరిన్‌కి పంపారు. ఫ్రాన్స్‌తో కుదరబోతున్న ఒప్పందాన్ని ఇది తేలేదాకా క్రామ్‌వెల్ ఆపి ఉంచాడు. చందా మొత్తం 38 వేల పౌండ్లు దాటింది. వార్తాపత్రికలు పల్లెలకి చేరని రోజుల్లో చర్చి వేదికే పత్రిక, పాస్టరు గొంతే రేడియో. ఒకే ఆదివారం దేశమంతా ఒకే కథ చదివితే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

అయితే ఇక్కడో మెలిక ఉంది. పైనవాళ్ళు కావాలనుకుంటేనే ఆ కథ వేదిక ఎక్కేది. 1627లో లండన్‌లో నలుగురు పేరున్న ప్రసంగీకులు, విలియం గూజ్, రిచర్డ్ సిబ్స్, థామస్ టేలర్, జాన్ డావన్‌పోర్ట్, జర్మనీలోని పాలటినేట్ నుంచి యుద్ధం తరిమేసిన పాస్టర్ల కుటుంబాల కోసం సాయం చేయండని సొంతంగా ఒక ఉత్తరం తిప్పారు. పాలటినేట్ పాలకుడి భార్య ఎవరో కాదు, అప్పటి ఇంగ్లండ్ రాజు మొదటి చార్లెస్‌కి సొంత అక్క. అయినా అనుమతి లేకుండా చందా పట్టారని ఆ నలుగురినీ పిలిచి చీవాట్లు పెట్టారు. మరుసటి ఏడాదే రాజు పేరు మీద అదే జనానికి చందా మొదలైంది! సాయం తప్పు కాదు, మా ముద్ర లేకుండా అడగడం తప్పు. ఇలాంటివి చదివినప్పుడు నాకు నవ్వొస్తుంది, కోపమూ వస్తుంది.

1630లలో మళ్ళీ పాలటినేట్ బ్రీఫ్ తయారైనప్పుడు ఇంగ్లండ్ చర్చికి పెద్ద అయిన ఆర్చిబిషప్ విలియం లాడ్ దాని ముసాయిదాలో మాటలు మార్పించాడు. ఆ శరణార్థులదీ మనదీ ఒకే నిజమైన మతం అన్న అర్థం వచ్చే వాక్యం ఉంటే అభ్యంతరం చెప్పాడు. డబ్బు ఇవ్వండి కానీ వాళ్ళు మనవాళ్ళే అని మాత్రం అనకండి, అన్నట్టు. తర్వాత ఆయన మీద విచారణ జరిగినప్పుడు ఈ దిద్దుబాటు కూడా నేరాల పట్టీలో చేరింది. కాబట్టి ఎక్కడైనా బ్రీఫ్ పూర్తి పాఠం దొరికితే ప్రతి విశేషణమూ చదవాలి. "మన సోదరులు" అని ఉందా, "బాధితులైన పరదేశులు" అని ఉందా? అది ఊరికే పడిన మాట అయ్యుండదు.

ఇక మీ 1686 పద్దు దగ్గరికి. ఫ్రాన్స్‌లో హ్యూగెనాట్లు, అంటే అక్కడి ప్రొటెస్టంట్లు, 1598 నాటి నాంట్ శాసనం ఇచ్చిన రక్షణ మీద బతికేవారు. ఫ్రాన్స్ రాజు 14వ లూయీ దాన్ని కొంచెం కొంచెంగా కొరికేస్తూ వచ్చాడు. 1681లో పుయతూ ప్రాంతంలో కొత్త పద్ధతి మొదలైంది: ప్రొటెస్టంట్ల ఇళ్ళలో గుర్రపు దళం సైనికులని దించడం. ఆ ఇంటివాళ్ళు మతం మారేదాకా సైనికులు అక్కడే తిని, తాగి, సామాన్లు పగలగొట్టి కూర్చుంటారు. జనం పడవలెక్కి పారిపోవడం మొదలెట్టారు. 1681 జులై 28న ఇంగ్లండ్ రాజు రెండో చార్లెస్ తన హాంప్టన్ కోర్ట్ భవనం నుంచి వాళ్ళకి ఆశ్రయం ప్రకటించాడు. పౌరసత్వం లాంటి హక్కుల పత్రాలు ఫీజు లేకుండా, తెచ్చుకున్న సామానుకి సుంకం లేకుండా. ఆ వెంటే చందాకి బ్రీఫ్ వచ్చింది. లండన్ బిషప్ హెన్రీ కాంప్టన్ దీని వెనక గట్టిగా నిలబడ్డాడు.

1685లో రెండు మార్పులు. ఫిబ్రవరిలో చార్లెస్ పోయి తమ్ముడు రెండో జేమ్స్ రాజయ్యాడు, ఈయన కాథలిక్కు. అక్టోబరులో లూయీ నాంట్ శాసనాన్ని పూర్తిగా రద్దు చేశాడు. పాస్టర్లు దేశం విడిచి పోవాలి, మామూలు జనం పోవడానికి మాత్రం వీల్లేదు, పట్టుబడితే మగవాళ్ళకి ఓడల్లో తెడ్లు వేసే శిక్ష. అయినా లక్షన్నర మందికి తక్కువ కాకుండా దాటిపోయారు. అందులో నలభై యాభై వేలమంది ఇంగ్లండ్ చేరారు. రెఫ్యూజీ అని మనం రోజూ అనే మాట ఇంగ్లీషులో వాడుకలోకి వచ్చింది వీళ్ళతోనే.

జేమ్స్ ఇబ్బంది చూడండి. లూయీకి ఆయన సొంత మేనత్త కొడుకు, మన వరసల్లో బావ. మతం ఒకటి. డబ్బు సాయం కూడా అటునుంచే. లండన్‌లో ఫ్రెంచి రాయబారి బరియోఁ ఈ చందా జరగనివ్వకూడదని పట్టుబట్టాడు. మరోవైపు జనమంతా ప్రొటెస్టంట్లు, రేవు పట్టణాల్లో దిగుతున్న కుటుంబాలని కళ్ళారా చూస్తున్నారు. ఆపితే మొదటికే మోసం. అందుకని నాన్చి నాన్చి 1686 మార్చిలో బ్రీఫ్ ఇచ్చాడు, కానీ కట్టుబాట్లతో. పాస్టర్లు కాగితం చదివి ఊరుకోవాలి, దాని మీద ప్రసంగాలు చేయకూడదు. సాయం అందుకునేవాళ్ళు ఇంగ్లండ్ చర్చి పద్ధతిలో ప్రభురాత్రి భోజనం, అంటే క్రీస్తు జ్ఞాపకంగా చర్చిలో ఇచ్చే రొట్టె, ద్రాక్షరసం తీసుకున్నవాళ్ళై ఉండాలి.

రెండో షరతు ఎంత నొప్పో మన దగ్గర చర్చిల సంగతి తెలిసినవాళ్ళకి వెంటనే అర్థమవుతుంది. హ్యూగెనాట్లు కాల్విన్ అనే మతసంస్కర్త పద్ధతి వాళ్ళు, రొట్టె ద్రాక్షరసం ముందు మోకాళ్ళూనడం వాళ్ళకి పడదు. మతం మార్చుకోనందుకే కదా ఇల్లూ పొలమూ వదిలి వచ్చారు. ఇక్కడ రొట్టెముక్క కోసం మోకాలు వంచమంటే?

డైరీలు రాసిన జాన్ ఈవ్లిన్ 1686 ఏప్రిల్ 25న తన చర్చిలో ఈ బ్రీఫ్ చదివారని రాశాడు. ఎన్నాళ్ళుగానో ఎదురుచూశాం, ఫ్రెంచి రాయబారి అడ్డుపడటం వల్ల అతి కష్టం మీద బయటికొచ్చింది అని కూడా. పది రోజుల తర్వాత ఇంకో సంగతి రాశాడు. ఫ్రెంచి పాస్టరు ఝాఁ క్లోద్ తమవాళ్ళ కష్టాలు వివరిస్తూ రాసిన పుస్తకం ఇంగ్లీషు అనువాదాన్ని వర్తకులు కూడే లండన్ ఎక్స్ఛేంజి దగ్గర, ఉరితీసే తలారి చేత తగలబెట్టించారు. అంటే ఒకవైపు ఆ జనానికి చందా పడుతున్నారు, అదే వసంతంలో మరోవైపు ఆ జనం కథ చెప్పే పుస్తకాన్ని కాలుస్తున్నారు.

ప్రసంగం వద్దన్నా, పుస్తకం కాల్చినా, వసూళ్ళు 40 వేల పౌండ్లు దాటాయి. మీ పల్లె ఇచ్చిన 23 షిల్లింగులు అందులోవే. ఇది దయే, అనుమానం లేదు. కానీ ఇందులో రాజకీయమూ ఉందని నా అభిప్రాయం. కాథలిక్కు రాజుని నిలదీయలేని సామాన్యుడు, ఆ రాజే ముద్ర వేసిన కాగితం మీద ఆరు పెన్నీలు రాయించి తన మనసులో మాట చెప్పగలిగాడు. అలా ఇవ్వడం చట్టబద్ధం, పైగా పుణ్యం. దీన్ని ఒప్పుకోని వాలంటీర్లు మా గదిలోనే ఉన్నారు. పాస్టరు గుమ్మంలోకి వచ్చి నిలబడితే ఎవరైనా ఇస్తారు, అందులో రాజకీయం ఎక్కడుంది అంటారు వాళ్ళు. టీ తాగేటప్పుడు ఈ వాదన ఇంకా నడుస్తూనే ఉంది.

చేరిందా అని అడిగారు. చాలావరకు చేరింది, సమంగా చేరలేదు. లండన్‌లో ఒక కమిటీ పంచిపెట్టింది. 1687 చివరి నివేదికలో ఆ కమిటీ లెక్క ప్రకారం సాయం అందుకున్నవాళ్ళు 15,500 మంది, అందులో 13 వేలకి పైగా లండన్‌లోనే. స్పిటల్‌ఫీల్డ్స్ పట్టు మగ్గాల వీధులు వీళ్ళతోనే నిండాయి. ప్రభురాత్రి భోజనం షరతు మీద గొడవలు నడిచాయి, పంపకంలో పక్షపాతమని ఫిర్యాదులూ వచ్చాయి. 1688లో మరో బ్రీఫ్ వచ్చింది. ఆ ఏడాది చివర్లో జేమ్స్ తానే ఫ్రాన్స్‌కి పారిపోయాడు. బావమరిది వరసైన ఆ లూయీ దగ్గరికే శరణార్థిగా! ఆ తర్వాత విలియం, మేరీ కాలంలో సాయం ఖజానా నుంచే సాగింది.

శరణార్థులంతా బీదవాళ్ళని మాత్రం అనుకోకండి. పర్షియా, భారతదేశం తిరిగిన నగల వ్యాపారి ఝాఁ షార్దాఁ కూడా హ్యూగెనాటే. 1681లోనే లండన్‌లో చార్లెస్ చేత సర్ బిరుదు పొందాడు. ఆయన తమ్ముడు డేనియల్ మద్రాసులో కాపురం పెట్టి గోల్కొండ వజ్రాల వ్యాపారం చేశాడు. ఒకే జనంలో ఒకరు స్పిటల్‌ఫీల్డ్స్‌లో ఉచిత సూప్ కోసం వరసలో నిలబడితే, ఇంకొకరు కృష్ణ ఒడ్డున తవ్వితీసిన రాళ్ళు తూకం వేస్తున్నారు.

1655 డబ్బు సంగతి వేరు. ఆ లెక్క 1658లో అచ్చువేసి మరీ చూపించారు, అంతవరకు మెచ్చుకోవాలి. కానీ దాదాపు 16 వేల పౌండ్లు పంచకుండా పక్కన ఉంచారు, ఏటేటా సాయం పంపాలని. 1660లో రాజు తిరిగొచ్చాక అది ఆగిపోయింది. రాజద్రోహి క్రామ్‌వెల్ మాట నిలబెట్టాల్సిన పని నాకేమిటి అన్నది రెండో చార్లెస్ ధోరణి. పెన్నీ పెన్నీ ఇచ్చిన వితంతువుల డబ్బది.

మామూలు బ్రీఫ్‌ల్లో అయితే అచ్చు ఖర్చు, ఫీజులు, వసూళ్ళని కాంట్రాక్టుకి తీసుకున్నవాళ్ళ కమీషను పోగా బాధితుడికి మిగిలేది అంతంతే. 1705లో చట్టం చేసి కట్టడి చేయాలని చూశారు, పెద్దగా మారలేదు. చివరికి 1828లో ఆ పద్ధతే ఎత్తేశారు.

చివరగా మీకు పనికొచ్చే రెండు జాగ్రత్తలు. ఒకటి, తేదీ. అప్పటి ఇంగ్లండ్‌లో కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. పుస్తకంలో "1681 ఫిబ్రవరి" అని ఉంటే మన లెక్కలో అది 1682 ఫిబ్రవరి. మొదట్లో నాకిది తెలియక, జులైలో ఆశ్రయం ప్రకటిస్తే ఈ ఊరు ఫిబ్రవరిలోనే చందా ఎలా పట్టిందని రెండు వారాలు టెన్షన్ పడ్డాను. పక్క బల్ల మీద పనిచేసే పెద్దావిడ చూసి, నెల సరిగ్గానే చదివావు, ఏడాదే తప్పు అని నవ్వింది. అప్పటికి నలభై పద్దులు తప్పుగా టైప్ చేసి ఉన్నాను, అన్నీ దిద్దుకున్నాను. రెండు, పౌండుకి గుర్తుగా వాళ్ళు అంకె పైన చిన్నగా ఎల్ అక్షరం రాస్తారు. అది ఒకటి అంకెలా కనబడుతుంది. మీ 1 పౌండు నిజంగా 1 పౌండేనా, లేక పౌండు గుర్తునే ఒకటి అనుకున్నారా, ఫోటో పెద్దది చేసి ఇంకోసారి చూడండి. అది గుర్తు మాత్రమే అయితే మీ ఊరు ఇచ్చింది మూడున్నర షిల్లింగులే, నేను పైన కట్టిన లెక్కంతా మార్చాలి.

పుస్తకం వెనక పేజీలు, 1682, 1688 పేజీలు కూడా ఫోటోలు తీసి ఉంటే పెట్టండి. పేర్ల జాబితా ఉంటే చేతిరాత చదవడానికి నేను సాయం చేస్తాను.